పసిబడికి పంతులమ్మ కావలెను

నారుమడిని చూచుకొను పనిని రైతు ఎవరికిబడిన వారికి అప్పగింపడు. విత్తనమును నానబెట్టుట, మండెకట్టుట, మొలక చూచి చల్లుట, నీరు పెట్టుట, తీయుట - ఇవన్నియు తెలిసిన చేతులు చేయవలసిన పనులు. నారు చెడిన తరువాత పొలమున ఎంత ఎరువు వేసినను నష్టము పూర్తిగా తీరదని ప్రతి రైతుకును తెలియును. కాని మన గ్రామములలో మూడు నుండి ఆరేండ్ల వయస్సుగల పసిపిల్లల విషయమున మనము ఈ జాగ్రత్త వహించుచున్నామా? ఈ ప్రశ్నను పంచాయతీ సభ్యుల ముందుంచుటకే మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఒక సంగతి గమనింపుడు. ఆరేండ్ల బాలునికి ఒకటవ తరగతిలో పాఠము చెప్పు ఉపాధ్యాయుడు ఇంటర్మీడియట్ తరువాత రెండు సంవత్సరముల శిక్షణ పొంది, అర్హత పరీక్షయందు కూడ ఉత్తీర్ణుడు కావలెను. అదే బాలుని మూడేండ్ల వయస్సులో చేతపట్టి ఆట నేర్పి, మాట నేర్పి, బడికి సిద్ధముచేయు పంతులమ్మకు అట్టి శిక్షణ ముందుగా ఉండవలెనను నిబంధన మన అంగన్‌వాడీలలో లేదు. చిన్నపిల్లలకు చెప్పుట సులభమనియు, పెద్ద తరగతులకు చెప్పుటయే కష్టమనియు మనలో పాతుకొనిన అభిప్రాయమే దీనికి మూలము. నిజమునకు పని ఇందుకు విరుద్ధముగ నున్నది.

లింగంపల్లి చెప్పు పాఠము

హైదరాబాదునకు పడమటనున్న లింగంపల్లి ఒకప్పుడు పొలముల నడుమనున్న గ్రామము. 1974 లో హైదరాబాదు విశ్వవిద్యాలయము ఏర్పడి, ఈ ప్రాంతమున దాని ఆవరణ వెలసినది. 1998 లో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయము ఏర్పడినది; దాని ఆవరణ గచ్చిబౌలిలో వెలసినది. అదే సంవత్సరమున సమీపముననే సైబర్ టవర్స్ భవనము ప్రారంభమై, హైటెక్ సిటీకి ఆరంభమైనది. 2003 లో లింగంపల్లి వరకు ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు నడువసాగినవి. 2007 లో శేరిలింగంపల్లి పురపాలక సంఘము గ్రేటర్ హైదరాబాదు నగరపాలక సంస్థలో విలీనమైనది. ఒక్క తరములో పల్లె పట్టణమై, పట్టణము మహానగరములో కలిసిపోయినది.

ఈ మార్పు పెద్దలకు ఉద్యోగములను తెచ్చినది. పసిపిల్లలకు ఏమి తెచ్చినది? కంప్యూటరు కార్యాలయమునకు పోవు తల్లియైనను, కట్టుబడి పనికి పోవు తల్లియైనను, ఇతరుల ఇండ్లలో పనిచేయు తల్లియైనను, ఉదయము ఇల్లు విడిచి సాయంకాలము తిరిగి వచ్చును. ఇంట అమ్మమ్మగాని నాయనమ్మగాని లేదు. బిడ్డను ఎవరో చూడవలెను. ధనము గలవారి కొరకు వీధివీధిని ప్రయివేటు పసిబడులు వెలసినవి. ధనము లేనివారికి అంగన్‌వాడియే దిక్కు. ఈ రెండింటికిని కావలసినది ఒక్కటే: పసిపిల్లల మనస్సు తెలిసిన, శిక్షణ పొందిన పంతులమ్మ.

లింగంపల్లి నుండి పడమరగా రైలుమార్గము శంకరుపల్లి మీదుగ వికారాబాదునకు పోవును. ఆ మార్గమునకు ఇరుప్రక్కల నున్న గ్రామములనుండి ఎందరో బాలబాలికలు చదువునకై నగరమునకు వచ్చుచుందురు. ఇంటర్మీడియట్ ముగించిన పల్లెపిల్లకు కంప్యూటరు ఉద్యోగమో, దుకాణములో కొలువో, లేక పెండ్లియో తప్ప వేరొక దారి తోచకున్నది. పసిపిల్లల ఉపాధ్యాయవృత్తి యను దారి ఒకటి కలదని ఆమెకు చెప్పువారు అరుదు. ఆమె తల్లిదండ్రులకును, వారికి సలహా చెప్పవలసిన మన పంచాయతీ సభ్యులకును ఆ దారిని గూర్చి తెలియవలసియున్నది.

మూడు నుండి ఆరు వరకు

మెదడు పెరుగుదలలో 85 శాతమునకు పైగా ఆరేండ్లలోపలనే జరుగునని 2020 నాటి జాతీయ విద్యావిధానము పేర్కొన్నది. ఆ విధానము మూడు నుండి ఎనిమిదేండ్ల వరకు గల కాలమును పునాది దశగా నిర్ణయించి, అంగన్‌వాడీని ఒకటవ, రెండవ తరగతులతో ఒకే త్రాటికి కట్టినది. అనగా అంగన్‌వాడి ఇప్పుడు గ్రుడ్డును, అన్నమును పెట్టు చోటు మాత్రమే కాదు. చదువునకు మొదటి మెట్టు.

పంతులమ్మ శిక్షణవలన ఫలితము నిజముగా ఉండునాయని కొందరు అడుగవచ్చును. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున యిప్సిలాంటి పట్టణములో 1962 లో ఒక పరిశీలన మొదలైనది. దానిని పెరీ పసిబడి పరిశీలన యందురు. పేద కుటుంబములకు చెందిన 123 మంది పిల్లలను రెండు వర్గములుగా విభజించి, 58 మందిని పసిబడికి పంపిరి. 65 మందిని పంపలేదు. ఆ బడిలో బోధించినవారు పట్టము, ఉపాధ్యాయ అర్హత గలవారు. వారు ప్రతి వారము పిల్లల ఇండ్లకు పోయి తల్లులతో మాటలాడెడివారు. ఆ పిల్లలు నలువదేండ్ల వయస్కులైన తరువాత లెక్కచూడగా, బడికి పోయిన వర్గములో 77 శాతము మందియు, పోని వర్గములో 60 శాతము మందియు ఉన్నత పాఠశాల చదువు పూర్తిచేసినట్లు తేలినది. పరిశీలింపబడినవారి సంఖ్య చిన్నదే. మన దేశ పరిస్థితులు వేరు. అయినను మంచి పంతులమ్మ చేసిన మేలు నలువదేండ్ల పిమ్మటకూడ కనబడుట ఆలోచింపదగిన విషయము.

మన దేశములో ఈ పని ఎట్లు పెరిగినది

ఈ పని మనకు క్రొత్తది కాదు. 1920 లో గిజూభాయి బధేకా గుజరాతులోని భావనగరములో బాలమందిరము స్థాపించిరి. ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోడక్, 1945 లో మహారాష్ట్రలోని బోర్డి గ్రామమున పల్లెపిల్లలకై బాలవాడి తెరచిరి. అనూతాయి వాఘ్ ఆమెకు సహచరియైనది. 1957 లో వారు కోస్‌బాడ్ కొండప్రాంతమునకు పోయి ఆదివాసి పిల్లల నడుమ పనిచేసిరి. పిల్లలు బడికి రానప్పుడు, బడియే పిల్లల గుడిసెల ముంగిటికి పోయినది. అంగణములో నడచు బడి గనుక దానికి అంగన్‌వాడి యను పేరు వచ్చినది. ఖరీదైన ఆటవస్తువులకు బదులు గవ్వలు, గింజలు, ఆకులు, మట్టి ఉపయోగించిరి. 1939 లో మదరాసులోని అడయారునకు వచ్చిన మరియా మాంటిస్సోరి, యుద్ధకాలమంతయు మన దేశముననే యుండి అనేకమంది ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చెను.

తెలుగువారిలో ఈ విషయమున ముందుగా స్మరింపదగినవారు శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్. రాజమండ్రిలో 1909 లో జన్మించిన ఆమె, 1937 లో మదరాసున ఆంధ్ర మహిళాసభను స్థాపించి, పేద స్త్రీలకు చదువును వృత్తిని సమకూర్చిరి. 1953 లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ఆమె తొలి అధ్యక్షురాలు. ఆ మండలి సహాయముతో గ్రామములలో బాలవాడులు వెలసినవి. చదువుకొనిన స్త్రీయే గ్రామమున పసిపిల్లల సేవకు పూనుకొనవలెనను భావము ఆ నాడు బలపడినది.

1975 అక్టోబరు 2 న సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకము 33 బ్లాకులలో ఆరంభమైనది. నేడు తెలంగాణలోనే సుమారు 35,700 అంగన్‌వాడీ కేంద్రములు కలవు. పోషకాహారము, టీకాలు, ఆరోగ్య పరీక్ష, వైద్యమునకు పంపుట, తల్లులకు బోధ, పసిపిల్లల చదువు - ఈ ఆరు సేవలును ఒక్క కేంద్రముననే జరుగవలెను. వీనిలో చదువే తరచుగా వెనుకబడుచున్నది. గ్రుడ్లకు, బియ్యమునకు లెక్క యుండును. పిల్లవాడు నేర్చిన మాటకు లెక్క యుండదు.

కళాశాల విద్యార్థులకు గల మార్గములు

పదవ తరగతి ముగించిన బాలికకు మొదటి మార్గము ఇంటర్మీడియట్ వృత్తివిద్య. మన ఇంటర్మీడియట్ బోర్డు వృత్తివిద్యా కోర్సులలో ప్రీస్కూల్ టీచర్ ట్రెయినింగ్ ఒకటి. ఇది రెండేండ్ల చదువు. పాఠములతోపాటు పసిబడిలో ప్రత్యక్షముగా పనిచేయుటయు ఇందులో భాగము.

రెండవది ఇంటర్మీడియట్ తరువాతిది. డీఈఈసెట్ అను ప్రవేశపరీక్ష వ్రాసి, పూర్వప్రాథమిక విద్యా డిప్లొమాలో చేరవచ్చును. దీనిని డి.పి.ఎస్.ఇ. యందురు. ఇంటర్మీడియట్‌లో 50 శాతము మార్కులును, షెడ్యూల్డు కులములు, తెగలు, దివ్యాంగుల విషయమున 45 శాతమును ఉండవలెను. చదువు రెండేండ్లు, జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి 2014 నాటి నిబంధనల ననుసరించి ఏడాదికి 200 పనిదినములు జరుగవలెను. ప్రవేశ ప్రకటన వెలువడినపుడు దానిని పూర్తిగా చదివి, తమ గ్రూపు చదువునకు అర్హత కలదో లేదో ముందే నిర్ధారించుకొనుట మంచిది.

మూడవది పట్టభద్ర విద్య. హైదరాబాదు సైఫాబాదులోని గృహవిజ్ఞాన కళాశాల ఇప్పుడు కమ్యూనిటీ సైన్సు కళాశాలగా వ్యవసాయ విశ్వవిద్యాలయము క్రింద నున్నది. అందలి మానవాభివృద్ధి శాఖలో శిశువుల పెరుగుదలను గూర్చి బోధింతురు. విద్యార్థినులు పిల్లలను ప్రత్యక్షముగా చూచి నేర్చుటకు అక్కడ ప్రయోగశాలగా ఒక నర్సరీ బడి కలదు. వైద్యవిద్యకు ఆసుపత్రి ఎట్టిదో, ఈ విద్యకు అట్టి బడి అట్టిది. దేశమున 2023 - 24 నుండి నాలుగేండ్ల సమీకృత ఉపాధ్యాయ విద్య ఆరంభమైనది. అందు పునాది దశకు ప్రత్యేకముగా చదువు ఏర్పాటుచేయబడినది.

ఇప్పటికే పనిచేయుచున్న అంగన్‌వాడీ టీచర్లకు వేరొక ఏర్పాటును 2020 విద్యావిధానము సూచించినది. ఇంటర్మీడియట్ చదివినవారికి ఆరునెలల సర్టిఫికెట్ శిక్షణ, అంతకు తక్కువ చదివినవారికి ఒక సంవత్సరపు డిప్లొమా. 2023 మే 10 న కేంద్రప్రభుత్వము పోషణ్ భీ పఢాయీ భీ యను కార్యక్రమమును ప్రారంభించి, టీచర్లకు మూడు దినముల శిక్షణ నిర్వహింపసాగినది. దినమునకు కనీసము రెండు గంటలైనను పిల్లల చదువునకు కేటాయింపవలెనని అందు నిర్ణయించిరి. ఇది మంచి ఆరంభమే. కాని మూడు దినములు రెండేండ్లకు సాటిరావని మేము స్పష్టముగ చెప్పదలచితిమి.

శిక్షణలో ఏమి నేర్తురు

పిల్లలను ఆడించుటకు శిక్షణ ఎందుకని అడుగువారికి కొన్ని ఉదాహరణములు చెప్పెదము.

మొదటిది, చూచుట. శిక్షణలేని వ్యక్తి పుస్తకములో "వీడు అల్లరివాడు" అని వ్రాయును. శిక్షణ పొందిన విద్యార్థిని "పది నిమిషములలో నాలుగుసార్లు లేచి తలుపు దగ్గరకు పోయినాడు, వెనుకనుండి పిలిచినపుడు తిరిగి చూడలేదు, ఎదుటనుండి పిలిచినపుడు వచ్చినాడు" అని వ్రాయును. మొదటి వ్రాత వలన పిల్లవానికి దెబ్బలు దక్కును. రెండవ వ్రాత వలన వానికి చెవి సరిగా వినబడుటలేదేమోయను అనుమానము కలిగి, వైద్యునికి చూపింతురు. వినికిడి లోపమును ఎంత త్వరగా కనుగొనిన అంత మేలు. ఆలస్యమైనచో మాట రాదు.

రెండవది, లెక్క. ఒకటినుండి ఇరువది వరకు గడగడ చదివినంత మాత్రమున పిల్లవానికి లెక్క వచ్చినట్లు కాదు. పది చింతగింజలను ముందుంచి, ఒక్కొక్క గింజను వ్రేలితో తాకుచు ఒక్కొక్క అంకె చెప్పగలుగుట మొదటి మెట్టు. గింజలను దగ్గరగా చేర్చినను, దూరముగా పరచినను పదియేయని తెలియుట తరువాతి మెట్టు. పంతులమ్మ ఈ మెట్ల నెరిగిననే ఏ పిల్ల ఎక్కడ ఆగినదో కనిపెట్టగలుగును.

మూడవది, వ్రాత. మూడేండ్ల పిల్లవాని వ్రేళ్లు పలకబలపమును బిగించి పట్టుటకు ఇంకను సిద్ధముగ నుండవు. మట్టితో బొమ్మలు చేయుట, పూలు గ్రుచ్చుట, బఠాణీ కాయలు ఒలుచుట, ఇసుకలో వ్రేలితో గీయుట - ఇవి వ్రాతకు ముందు రావలసిన పనులు. తల్లిదండ్రులు "మా వాడు అక్షరములు వ్రాయుట లేదు" అని తొందరపెట్టుదురు. వారికి నెమ్మదిగా నచ్చచెప్పుటయు శిక్షణలో భాగమే.

నాలుగవది, భాష. లింగంపల్లి వంటి చోట ఒకే బడిలో తెలుగు, ఉర్దూ, హిందీ, ఒరియా మాటలాడు పిల్లలు చేరుదురు. మన పల్లెలలోను లంబాడీ తండా పిల్ల ఇంట గోర్ బోలి మాటలాడి, బడిలో తెలుగు వినును. ఆ పిల్ల మౌనముగ నుండిన తెలివి తక్కువదని భావించుట తప్పు. ఇంటిభాషలో నాలుగు మాటలు నేర్చి పలుకరించి, ఆమెను క్రమముగా తెలుగులోనికి తెచ్చుట పంతులమ్మ నేర్పు.

ఐదవది, ఆట. దాగుడుమూతలు, చెమ్మచెక్క, అచ్చనగండ్లు మన పల్లెలకు క్రొత్తవి కావు. తనవంతు కొరకు వేచియుండుట, ఓడినను మరల ఆడుట, ఇతరులతో కలియుట - ఈ గుణములు ఆటలోనే అబ్బును. ఏ వయస్సునకు ఏ ఆట, ఎంతసేపు, దానివలన ఏమి అలవడును - ఈ వివేకము శిక్షణవలన కలుగును.

లోపమెక్కడ

పై మార్గములున్నను వానిలో చేరువారు తక్కువ. కారణములు మరుగున లేవు. రెండేండ్లు చదివిన తరువాత ఉద్యోగము తప్పక లభించునను నమ్మకము లేదు. 2021 లో తెలంగాణలో అంగన్‌వాడీ టీచరుకు గౌరవవేతనము నెలకు రూ. 13,650 గా నిర్ణయింపబడినది. ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుని వేతనముతో దీనికి పోలికలేదు. ప్రయివేటు బడులలో శిక్షణ లేనివారిని తక్కువ జీతమునకు పెట్టుకొనుట పరిపాటియైనది. అట్టి స్థితిలో తండ్రి తన కుమార్తెను ఈ చదువునకు పంపుటకు వెనుదీయుట సహజమే. ఈ లోపమును కప్పిపుచ్చుట మా ఉద్దేశము కాదు.

అయినను కాలము మారుచున్నది. 2025 - 26 విద్యాసంవత్సరమున తెలంగాణలోని కొన్ని ప్రభుత్వ పాఠశాలలలో పూర్వప్రాథమిక తరగతులు ఆరంభమైనవి. శిక్షణ పొందిన పసిపంతులమ్మల అవసరము ఇక పెరుగునే గాని తగ్గదు. అవసరము ఏర్పడిన నాటికి శిక్షణ పొందినవారు సిద్ధముగ లేకున్నచో, తిరిగి ఎవరినో ఒకరిని కూర్చుండబెట్టవలసివచ్చును. అప్పుడు నష్టపోవువారు పిల్లలు.

పంచాయతీ చేయగల పనులు

రాజ్యాంగము పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు ఉద్దేశింపబడిన 29 విషయములలో విద్యయు, స్త్రీ శిశు అభివృద్ధియు కలవు. కనుక ఇది మన పని కాదని ఏ సభ్యుడును తప్పించుకొనరాదు. ధనవ్యయము లేకయే చేయదగిన పనులు కొన్ని కలవు.

ఒకటి: గ్రామమున ఇంటర్మీడియట్ చదువుచున్న, ముగించిన బాలబాలికల జాబితా తయారుచేసి, ప్రవేశ ప్రకటన వెలువడగనే గ్రామసభలో చదివి వినిపింపవలెను. దరఖాస్తు తేది దాటిన పిమ్మట తెలిసిన ప్రయోజనము లేదు.

రెండు: శిక్షణలోనున్న విద్యార్థినులను మన అంగన్‌వాడికి ఆహ్వానింపవలెను. వారికి నేర్చుటకు పిల్లలు కావలెను. మన పిల్లలకు ఆడించువారు కావలెను. ఇందుకు సంబంధిత అధికారుల అనుమతి పొంది, వారు వచ్చిపోవుటకు, మధ్యాహ్నము కూర్చుండుటకు వసతి చూపిన చాలును.

మూడు: అంగన్‌వాడీ పర్యవేక్షణ సంఘమునకు వార్డు సభ్యురాలు అధ్యక్షత వహించు ఏర్పాటు కలదు. ఆమె కేంద్రమునకు పోయినపుడు సరకుల రిజిస్టరుతోపాటు, ఆనాడు పిల్లలు ఏమి ఆడిరి, ఏ కథ వినిరి, ఎవరు మాటలాడకున్నారు అని అడుగవలెను. అడుగువారున్న పని నిలుచును.

నాలుగు: స్థలము. 2013 నాటి జాతీయ శిశు సంరక్షణ, విద్యా విధానము 30 మంది పిల్లలకు కనీసము 35 చదరపు మీటర్ల గదియు, వెలుపల 30 చదరపు మీటర్ల ఆటస్థలమును, మూడు నుండి ఆరేండ్ల పిల్లలు ఇరువదిమందికి ఒక పెద్దమనిషియు ఉండవలెనని నిర్ణయించినది. మన కేంద్రమును ఒకసారి కొలచి చూడుడు. ఎంత శిక్షణ పొందిన పంతులమ్మయైనను ఇరుకు గదిలో ఆట ఆడింపజాలదు.

ఐదు: గౌరవము. టీచరును ఇతర పనులకు త్రిప్పుచు, సర్వేలకు పంపుచు, చదువు లేదని నిందించుట న్యాయము కాదు. ఉదయపు రెండు గంటలు ఆమె పిల్లలకే చెందునని పంచాయతీ తీర్మానించి, అధికారులకు తెలియజేయవచ్చును.

బోరుబావికి, సిమెంటు రోడ్డుకు పంచాయతీలో తీర్మానములు తరచు జరుగును. అవి కంటికి కనబడు పనులు. మూడేండ్ల బిడ్డ మనస్సులో జరుగు పని కంటికి కనబడదు. పదునైదేండ్ల తరువాత ఆ బిడ్డ కళాశాల మెట్టెక్కిననాడు మాత్రమే అది కనబడును. మీ గ్రామమునుండి ఈ సంవత్సరము ఒక్క విద్యార్థినియైనను ఈ చదువునకు పోయి, తిరిగి వచ్చి మీ పసిబడిలోనో, పొరుగూరి పసిబడిలోనో కూర్చుండిన, ఏటేట ఇరువదిమంది బిడ్డలకు ఆమె మొదటి పంతులమ్మ యగును. రాబోవు గ్రామసభలో ఈ విషయమును ఒక అంశముగా చేర్పవలసినదిగా సభ్యులను మేము కోరుచున్నాము.